లారీలో వచ్చీపోయే చార్జింగ్ లోపం: ఎక్కడ కొలవాలి, ఎప్పుడు కొలవాలి

చార్జింగ్ పూర్తిగా పోయిన లారీతో పెద్ద చిక్కు ఉండదు. మీటరు పెడితే లోపం కనిపిస్తుంది, పోయిన భాగం దొరుకుతుంది. తలనొప్పంతా అప్పుడప్పుడూ చార్జింగ్ పోయి, షెడ్డుకి తెచ్చేసరికి బుద్ధిగా పనిచేసే లారీతోనే. గుంతలో చక్రం పడగానే డాష్‌బోర్డులో బ్యాటరీ లైటు వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. మర్నాడు పొద్దున సెల్ఫ్ కొడితే టిక్కుటిక్కు తప్ప ఇంజన్ తిరగదు. తీరా మీటరు పెట్టి చూస్తే 28.2 వోల్టులు, వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇక భాగాలు మార్చడం మొదలవుతుంది. ముందు బ్యాటరీలు, తర్వాత ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్, ఆ తర్వాత దాని వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్. అన్నీ కొత్తవే, లోపం మాత్రం పాతదే.

చార్జింగ్ బాగున్నప్పుడు తీసిన రీడింగు, అది బాగుందన్న సంగతి ఒక్కటే చెబుతుంది. లోపం ఉన్న క్షణంలో ఒకేసారి మూడు చోట్ల వోల్టేజీ ఎంతుందో తెలిస్తే, పాడైంది ఆల్టర్నేటరా, తీగలా, ఆల్టర్నేటర్‌ని లేపే సర్క్యూటా అన్నది చాలావరకు తేలిపోతుంది. కాబట్టి ఇక్కడ అసలు పని ఆ క్షణాన్ని పట్టుకోవడం. విప్పడం, మార్చడం దాని తర్వాతే.

ముందు ఏది మామూలో తెలియాలి

ఇక్కడ చెప్పే అంకెలు 24 వోల్టుల లారీకి, అంటే రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉన్నదానికి. మీ బండి 12 వోల్టులదైతే వోల్టేజీ అంకెల్ని సగం చేసుకోండి.

ఇంజన్ ఆపి కొన్ని గంటలైన తర్వాత నిండు చార్జిలో ఉన్న జత 25.2 నుంచి 25.4 వోల్టులు చూపిస్తుంది. 24.4 ఉంటే సగం ఖాళీ, 24.0 అయితే దాదాపు అడుగంటింది. ఇంజన్ ఇప్పుడే ఆపితే ప్లేట్ల మీద పైపై చార్జి ఉండి అంకె ఎక్కువ చూపిస్తుంది. రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పి, ఇంకొన్ని నిమిషాలు ఆగి కొలవాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 27.6 నుంచి 28.8 దాకా మామూలే. అయితే ఇక్కడ రెండు మెలికలున్నాయి.

ఒకటి వేడి. రెగ్యులేటర్‌ని కావాలనే అలా చేస్తారు, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ అది వోల్టేజీని కొంత దించుతుంది. చల్లటి ఇంజన్ మీద 28.5 చూపించిన బండి, ఎండలో నాలుగు గంటలు నడిచాక 27.4 చూపిస్తే చార్జింగ్ పడిపోయిందని కంగారు పడనక్కర్లేదు.

రెండోది కొత్త తరం లారీలు. వీటిలో ఆల్టర్నేటర్ ఎంత వోల్టేజీ ఇవ్వాలో ఈసీయూ లాంటి కంట్రోల్ యూనిట్ ఒక సన్నటి తీగ ద్వారా చెబుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ మీద భారం తగ్గించడానికి చార్జింగ్ తగ్గించడం, దిగేటప్పుడు పెంచడం దీని పద్ధతి. బ్యాటరీ నిండి ఉంటే కాసేపు 26 దగ్గర నిలబెట్టినా ఆశ్చర్యం లేదు. పాత లారీల అలవాటుతో దాన్ని లోపం అనుకుని ఆల్టర్నేటర్ విప్పినవాళ్లు తక్కువేం కాదు. ఇలాంటి బండికి స్కానర్ పెట్టి, అడిగిన వోల్టేజీ ఎంత, వస్తున్నది ఎంత అని పక్కపక్కన చూడాలి. రెండూ కలిసి కదులుతుంటే అది లోపం కాదు.

స్కానర్ ఎలాగూ పెట్టారు కాబట్టి పాత కోడ్‌లు కూడా చూడండి. జే1939 (లారీల్లోని కంట్రోల్ యూనిట్లు మాట్లాడుకునే ప్రమాణం) వాడే లారీల్లో కోడ్‌కి రెండు భాగాలుంటాయి: ఏ కొలతలో లోపమో చెప్పే ఎస్‌పీఎన్, అది ఎలాంటి లోపమో చెప్పే ఎఫ్ఎంఐ. ఎస్‌పీఎన్ 168 బ్యాటరీ వోల్టేజీది, 158 ఇగ్నిషన్ కీ దాటి వచ్చే వోల్టేజీది, 167 చార్జింగ్ వోల్టేజీది. పక్కన ఎఫ్ఎంఐ 4 ఉంటే వోల్టేజీ తగ్గిందని, 3 ఉంటే పెరిగిందని, 2 ఉంటే నిలకడ లేదని అర్థం. 168 బాగుండి 158 ఒక్కటే ఫిర్యాదు చేస్తుంటే ఆల్టర్నేటర్ జోలికి పోకుండా కీ స్విచ్, దాని ఫ్యూజు, రిలే వైపు చూడాలి. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ వేగం, వేడి ఎంతున్నాయో రికార్డయి ఉంటే అది ఎంతో విలువైన సమాచారం. కోడ్‌లు చెరిపేసే ముందు రాసిపెట్టుకోండి.

డ్రైవర్‌ని అడగాల్సినవి

మీటరు తీయకముందే సగం దారి ఇక్కడే తెలుస్తుంది. "చార్జింగ్ అప్పుడప్పుడూ పోతోంది" అన్న మాట దగ్గర ఆగకూడదు. ఎప్పుడెప్పుడు పోతోందో రాబట్టాలి.

గంట నడిచాక, ఇంజన్ బాగా వేడెక్కాకే పోతుందంటే అనుమానం ఆల్టర్నేటర్ లోపలి మీదికి పోతుంది. ఏసీని డీసీగా మార్చే డయోడ్ వేడికి విచ్చుకోవడం, లోపల తిరిగే రోటర్ చుట్టలో సన్నగా తెగిన తీగ, రెగ్యులేటర్‌లో వదులైన టంకం. పొద్దున చల్లగా ఉన్నప్పుడో, వానలోనో, బండి కడిగాకో పోతే ముందు బెల్టు జారుతోందేమో చూడాలి, ఆ తర్వాత తేమ చేరిన కప్లర్ (తీగల్ని కలిపే ప్లగ్గు). గుంతల్లో, గేరు మార్చి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ ఊగే క్షణంలో పోతే ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్య వేలాడే తీగలు, ఎర్త్ పట్టీ. క్యాబిన్ ఎత్తి దించిన తర్వాతే మొదలైందంటే క్యాబిన్ మడత దగ్గర వంగే వైరింగ్ కట్ట. పొద్దున స్టార్ట్ చేశాక లైటు ఆరక, ఒక్కసారి గట్టిగా రేస్ చేస్తే ఆరిపోయి ఆ రోజంతా బాగుంటే అది ఉత్తేజక సర్క్యూట్, అంటే ఆల్టర్నేటర్‌ని లేపే సర్క్యూట్ లోపం. దాని సంగతి కింద వివరంగా ఉంది.

ఇంకో ప్రశ్న తప్పక అడగాలి. లోపం వచ్చినప్పుడు లైట్లు మందగిస్తాయా, ఒక్కసారిగా ఎక్కువ వెలుగుతాయా? చాలామంది ఈ తేడా పట్టించుకోరు. మందగిస్తే ఆల్టర్నేటర్ నుంచి కరెంటు రావడం లేదు, బండి బ్యాటరీ మీద నడుస్తోంది. వెలుగు ఎగిసెగిసి పడుతూ, వైపర్లు ఉన్నట్టుండి వేగం అందుకుంటే ఆల్టర్నేటర్ బాగానే ఉంది, బ్యాటరీయే సర్క్యూట్ నుంచి విడిపోతోంది. బ్యాటరీ టెర్మినల్ వదులు, మెయిన్ కటాఫ్ స్విచ్ లోపల మాడిన కాంటాక్టు, బ్యాటరీ లోపల సెల్‌కీ సెల్‌కీ మధ్య విరిగిన అతుకు, వీటిలో ఏదో ఒకటి. ఇది ప్రమాదకరమైన రకం. ఎక్కువ కరెంటు ఇస్తున్న ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ హఠాత్తుగా ఊడితే, 24 వోల్టుల వ్యవస్థలో కన్నుమూసి తెరిచేలోగా 150 వోల్టులు దాటి పొంగవచ్చు. రెగ్యులేటర్, డయోడ్‌లతో పాటు ఈసీయూ కూడా పోయే అవకాశం ఉంది. ఇంజన్ నడుస్తుండగా కటాఫ్ స్విచ్ తిప్పకూడదనేది, "బ్యాటరీ తీగ పీకి చూద్దాం" అనే పాత పరీక్ష ఇప్పుడు చేయకూడదనేది ఇందుకే.

మూడు చోట్లు, ఒకే క్షణం

కొలవాల్సిన చోట్లు ఇవి. మొదటిది ఆల్టర్నేటర్ వెనక లావు తీగ బిగించే బి ప్లస్ బోల్టు, నెగటివ్ ప్రోబ్ ఆల్టర్నేటర్ బాడీ మీద. రెండోది బ్యాటరీ జత చివరి పోస్టులు, క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదే. మూడోది ఆల్టర్నేటర్‌కి వెళ్లే సన్నటి తీగ. రకాన్ని బట్టి దాన్ని డి ప్లస్, ఎల్ లేదా ఐజీ అని గుర్తిస్తారు.

షెడ్డులో నిలబెట్టి కొలిస్తే లోపం దొరకదు కాబట్టి ఈ మూడింటి నుంచి పొడుగాటి తీగలు క్యాబిన్‌లోకి తీసుకురావాలి. ప్రతి తీగ మొదట్లో, అంటే బోల్టు దగ్గరే, 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి. బి ప్లస్ నుంచి తెచ్చిన ఫ్యూజు లేని తీగ ఎక్కడైనా ఇనుముకి తగిలితే క్యాబిన్ అంటుకుంటుంది. తీగలు ఫ్యాన్‌కి, ఎగ్జాస్ట్‌కి దూరంగా కట్టాలి. మీటర్లలో కనిష్ఠ, గరిష్ఠ విలువల్ని పట్టి ఉంచే మోడ్ ఉంటే అది పెట్టండి. మీటర్లు చూడటానికి పక్కన ఇంకొకరు ఉండాలి, డ్రైవర్ కళ్లు రోడ్డు మీదే.

ఇక లోపం వచ్చిన క్షణంలో అంకెలు ఎలా ఉన్నాయో చూద్దాం.

బి ప్లస్ దగ్గర 28 లేదా అంతకన్నా ఎక్కువ, బ్యాటరీ దగ్గర 25: కరెంటు పుడుతోంది, చేరడం లేదు. మధ్యలో తీగ, లగ్ (తీగ చివర బోల్టుకి బిగించే లోహపు కొస), మెయిన్ ఫ్యూజు బిగింపు, కటాఫ్ స్విచ్, లేదా ఎర్త్. ఆల్టర్నేటర్‌ని ముట్టుకోకండి.

రెండు చోట్లా 25, సన్న తీగలో ఉండాల్సిన సప్లై ఉంది: తప్పు ఆల్టర్నేటర్ లోపల, లేదా బెల్టులో.

రెండు చోట్లా 25, సన్న తీగలో సప్లై లేదు: కీ స్విచ్, ఫ్యూజు, కప్లర్, మధ్యలో తెగిన తీగ. డి ప్లస్ రకాల్లో ఒక జాగ్రత్త ఉంది. అక్కడ సున్నాకి దగ్గరగా పడి బ్యాటరీ లైటు వెలుగుతుంటే తీగ బాగానే ఉందని, ఆల్టర్నేటర్ ఆగిపోయిందని అర్థం. అంకెతో పాటు లైటుని కూడా చూడాలి.

రెండు చోట్లా 30 దాటి: రెగ్యులేటర్ లోపల షార్ట్, లేదా బ్యాటరీ వోల్టేజీని చదివే సెన్స్ తీగ పట్టు తప్పింది. సెన్స్ తీగ మధ్యలో ఒక వోల్టు పడిపోతే, బ్యాటరీకి తక్కువ అందుతోందని భ్రమపడి రెగ్యులేటర్ ఆ ఒక వోల్టు పెంచేస్తుంది.

తీగలు, ఎర్త్: ఎక్కువ లోపాలు దొరికేది ఇక్కడే

తీగని ఓమ్స్‌లో కొలవడం దండగ. చెయ్యంత లావు తీగలో ఒక్క పోగు మిగిలినా మీటరు సున్నా ఓమ్స్ అనే చూపిస్తుంది, ఎందుకంటే మీటరు పంపే కరెంటు అతి స్వల్పం. వోల్టేజీ కొలిచినా అంతే. లోడ్ లేకుండా చూస్తే ఆ ఒక్క పోగు గుండానే 25 వోల్టులు నిండుగా కనిపిస్తాయి. 80 ఆంపియర్లు పారినప్పుడే అసలు రంగు బయటపడుతుంది. ఓమ్‌లో వందో వంతు, అంటే 0.01 ఓమ్ అడ్డు ఉన్నా 80 ఆంపియర్ల దగ్గర 0.8 వోల్టు తినేస్తుంది. ఆ ఒక్క అతుకు దగ్గరే 64 వాట్ల వేడి పుడుతుంది. వేడికి రాగి నల్లబడుతుంది, నల్లబడ్డ రాగి ఇంకా అడ్డుపడుతుంది. మొదట వేడెక్కినప్పుడు మాత్రమే కనిపించిన లోపం కొన్ని వారాల్లో రోజూ కనిపించేది అందుకే.

కాబట్టి లోడ్ మీద వోల్టేజీ తరుగు కొలవాలి. ముందు ఇంజన్ ఆపి ఐదు నిమిషాలు హెడ్‌లైట్లు వెలిగించండి, బ్యాటరీ కాస్త ఆకలి మీద ఉంటుంది. స్టార్ట్ చేసి, ఏసీ బ్లోయర్, లైట్లు, వైపర్లు అన్నీ వేసి 1500 ఆర్‌పీఎం దగ్గర నిలపండి. తీగ చుట్టూ పెట్టి కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటరుతో బి ప్లస్ తీగలో ఎంత పారుతోందో చూసుకోండి, కనీసం 40 ఆంపియర్లు లేకపోతే ఈ పరీక్షకి అర్థం లేదు. ఇప్పుడు మీటరు ఒక ప్రోబ్ బి ప్లస్ బోల్టు మీద, రెండోది బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద. 0.2 నుంచి 0.3 వోల్టు లోపలుంటే మంచిది, 0.5 దాటితే వెతకాల్సిందే. నెగటివ్ వైపు ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్ పోస్టుకి 0.2 దాటకూడదు.

మంచి తీగలో ఎంత తరుగు ఉండాలో ముందే లెక్క వేసుకోవచ్చు. 25 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 3 మీటర్లుంటే, 80 ఆంపియర్ల దగ్గర దాదాపు 0.17 వోల్టు పోతుంది. అదే చోట ఎవరో 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసి ఉంటే 0.4 దాటుతుంది. అది లోపం కాదు, చిన్న తీగ. కానీ ఫలితం ఒకటే.

తరుగు ఎక్కువుందని తేలాక ఒక ప్రోబ్ బ్యాటరీ పోస్టు మీదే ఉంచి, రెండోదాన్ని ఒక్కో మజిలీ వెనక్కి జరుపుతూ రండి. పోస్టు, క్లాంపు, తీగ లగ్, కటాఫ్ స్విచ్‌కి ఇటు, అటు, మెయిన్ ఫ్యూజుకి ఇటు, అటు, సెల్ఫ్ మోటార్ బోల్టు, బి ప్లస్. అంకె ఎక్కడ ఎగిరి దూకితే తప్పు ఆ రెండు చోట్ల మధ్యే. కటాఫ్ స్విచ్ రెండు బోల్టుల మధ్య 0.1 వోల్టుకి మించి కనిపిస్తే లోపలి కాంటాక్టు గుంటలు పడిందన్నమాట. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే పని ఇంకా తేలిక. లగ్‌నీ, దానికి జానెడు దూరంలో అదే తీగనీ పోల్చండి. లగ్ పది డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే అతుకు చెడినట్టే. మెరిసే లోహం మీద ఆ థర్మామీటర్ తక్కువ చూపిస్తుంది, లగ్ మీద చిన్న నల్ల టేపు ముక్క అంటించి చూడండి.

తర్వాత కదిలించే పరీక్ష. ఇంజన్ ఐడిల్‌లో, లోడ్ మీద ఉండగా, ఆల్టర్నేటర్ దగ్గర మొదలుపెట్టి జానెడు జానెడు చొప్పున తీగని వంచుతూ, లాగుతూ బ్యాటరీ దాకా రావాలి, ఒకరు మీటరు చూస్తుండాలి. ఫ్యాన్, బెల్టు దగ్గర చెయ్యి పెట్టకుండా కర్ర ముక్క వాడండి. తీగ లగ్‌లోకి దూరే చోట ప్రత్యేకంగా ఆగండి. పైతొడుగు నునుపుగానే ఉంటుంది, కానీ వేళ్లతో నెమ్మదిగా లాగితే అక్కడ మాత్రం రబ్బరులా సాగి సన్నబడుతుంది, ఎందుకంటే లోపల పోగులు తెగిపోయి తొడుగు ఒక్కటే పట్టుకుని ఉంది. తొడుగు చీల్చి చూస్తే పచ్చటి పొడి, మధ్యలో ఇంకా అతుక్కున్న నాలుగైదు పోగులు కనిపిస్తాయి. బండి ఊగినప్పుడల్లా అవి కలుస్తూ విడిపోతూ ఉంటాయి.

బాగుచేసేటప్పుడు నల్లబడ్డ రాగి పోయి ఎర్రగా మెరిసే రాగి వచ్చేదాకా కోసి, సరైన సైజు లగ్ వేసి, హైడ్రాలిక్ ప్రెస్‌తో క్రింప్ చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ తొడగాలి. సుత్తితో కొట్టిన లగ్ ఆరు నెలలు కూడా ఆగదు. టంకం పోసి వదిలేయడం కూడా మంచిది కాదు. టంకం పోగుల మధ్యకి పాకి తీగని బిరుసు చేస్తుంది, అది ఆగిన చోటే అదురుకి విరుగుతుంది. బిగించేటప్పుడు లగ్ నేరుగా బోల్టు పీఠం మీద కూర్చోవాలి, వాషర్ దాని పైన. పీఠానికీ లగ్‌కీ మధ్య ఇనుప వాషర్ పెట్టి తెలియకుండానే అడ్డు కల్పించిన బళ్లు చాలా ఉంటాయి. ఎర్త్ పట్టీ కింద పెయింట్ గీకేసి, బిగించాక పైన మాత్రమే గ్రీజు రాయండి.

ఎర్త్ గురించి ఇంకో మాట. ఇంజన్ ఎర్త్ పట్టీ పాడైతే కరెంటు ఆగిపోదు, దొంగదారి వెతుక్కుంటుంది. యాక్సిలరేటర్ కేబుల్, గేరు లింకేజీ, లోహపు అల్లిక ఉన్న గొట్టాలు, బేరింగులు దాని దారులు. సెల్ఫ్ కొట్టాక ఏదైనా కంట్రోల్ కేబుల్ వేడిగా తగిలితే వేరే రుజువు అక్కర్లేదు. చార్జింగ్ లోపంతో పాటు సెల్ఫ్ కూడా బరువుగా తిరుగుతుంటే ముందు చూడాల్సింది ఈ పట్టీనే, రెండింటికీ దారి అదొక్కటే కాబట్టి.

ఆల్టర్నేటర్‌ని లేపే సన్నటి తీగ

ఆల్టర్నేటర్ తనంతట తాను మొదలవదు. రోటర్‌లో అయస్కాంతం పుట్టడానికి మొదట్లో కొంచెం కరెంటు బయటి నుంచి రావాలి. డి ప్లస్ ఉన్న ఆల్టర్నేటర్లలో అది డాష్‌బోర్డులోని బ్యాటరీ లైటు గుండానే వస్తుంది. 2, 3 వాట్ల బల్బు దాదాపు 0.1 ఆంపియర్ ఇస్తుంది. ఒకసారి కరెంటు పుట్టడం మొదలయ్యాక ఆల్టర్నేటర్ తన అవసరం తానే తీర్చుకుంటుంది, ఆ తీగతో పని ఉండదు.

అందుకే ఈ సర్క్యూట్‌లో లోపం ఉంటే అది స్టార్ట్ చేసినప్పుడే కనిపిస్తుంది. కీ వేయగానే బ్యాటరీ లైటు వెలగకపోతే అదే మొదటి గుర్తు. ఇంజన్ నడిచేటప్పుడు లైటు లేదు కాబట్టి అంతా బాగుందనుకుంటారు, నిజానికి బల్బు మాడి ఉంటుంది. రోటర్ ఇనుములో మిగిలిన కాస్త అయస్కాంతంతో, ఇంజన్‌ని గట్టిగా రేస్ చేసినప్పుడు మాత్రం ఆల్టర్నేటర్ లేస్తుంది. పొద్దున్నే రేస్ చేసిన రోజు చార్జింగ్ ఉంటుంది, మెల్లగా బయల్దేరిన రోజు ఉండదు. దీని వెనక తరచుగా కనిపించేది డాష్‌బోర్డు బల్బు తీసి ఎల్ఈడీ పెట్టడం. లైటు చక్కగా వెలుగుతుంది గానీ ఎల్ఈడీ గుండా పారేది కొన్ని మిల్లీ ఆంపియర్లే, రోటర్‌ని లేపడానికి అది చాలదు. పాత రకం బల్బు తిరిగి పెట్టాలి, లేదా ఎల్ఈడీకి సమాంతరంగా సరైన రెసిస్టర్ వేయాలి.

ఐజీ తీగ రకాల్లో సంగతి వేరు. రెగ్యులేటర్‌కి కీ సప్లై నడుస్తున్నంతసేపూ కావాలి. కప్లర్ పిన్ను ఒక్క క్షణం పట్టు తప్పితే చార్జింగ్ ఆ క్షణమే ఆగుతుంది. ఈ సన్న తీగలో సప్లై ఉందో లేదో చూడటానికి మీటరు కన్నా చిన్న బల్బు టెస్ట్ ల్యాంప్ నమ్మకమైనది. కప్లర్‌లో సూది గుచ్చి పిన్నులు వెడల్పు చేయకండి, అదే కొత్త లోపమవుతుంది.

బెల్టు, బ్రష్‌లు, డయోడ్‌లు

లోపం ఆల్టర్నేటర్ వైపే అని తేలినా, విప్పే ముందు బెల్టు చూడాలి. జారే బెల్టు ఎప్పుడూ కీచుమనదు. అంచులు అద్దంలా నిగనిగలాడుతున్నా, వి బెల్టు గాడి అడుక్కి తగిలేంత అరిగినా జారుతుంది. గాడి అడుగు మెరుస్తుంటే బెల్టు అడుక్కి తగులుతోందని గుర్తు. ఆపిన వెంటనే ఆల్టర్నేటర్ పుల్లీ మిగతా పుల్లీల కన్నా బాగా వేడిగా ఉంటే జారుడు ఖాయం. ఆటో టెన్షనర్ ఉన్న బళ్లలో స్ప్రింగు నీరసించడం, దాని బుష్ అరిగి పుల్లీ వంకరపోవడం కూడా ఇదే లక్షణం చూపిస్తాయి. బెల్టుకి పౌడరు, స్ప్రే కొట్టడం శబ్దానికే మందు, జారుడుకి కాదు.

బ్రష్‌లున్న ఆల్టర్నేటర్లలో వచ్చీపోయే లోపానికి మొదటి అనుమానితులు ఆ కార్బన్ ముక్కలే. అరిగేకొద్దీ వెనక స్ప్రింగు బలం తగ్గుతుంది, చివరికి బ్రష్ తీగ బిగుసుకుని ముక్క రోటర్ మీది స్లిప్ రింగ్‌ని సరిగా తాకదు. నిలిపి ఉంచినప్పుడు తాకుతుంది, అదురులో ఎగురుతుంది. ఇంజన్ నుంచి కారే ఆయిలు, కార్బన్ పొడితో కలిసి జిడ్డుగా మారితే బ్రష్ తన గూట్లోనే ఇరుక్కుంటుంది. లోపం ఉన్న సమయంలో స్క్రూడ్రైవర్ పిడితో ఆల్టర్నేటర్ వెనక భాగం మీద మెల్లగా రెండు తట్లు తట్టండి. చార్జింగ్ వెంటనే తిరిగొస్తే బ్రష్ మీద అనుమానం బలపడినట్టే. బయటికి తీశాక 5 మిల్లీమీటర్లకి దగ్గరపడ్డ బ్రష్‌ని మళ్లీ పెట్టకండి. కొత్త బ్రష్‌లు వేసేముందు స్లిప్ రింగులు చూడండి, గాడి పడిన రింగు మీద కొత్త బ్రష్ కూడా త్వరగానే అరుగుతుంది. ఆయిలు కారుతుంటే ఆ లీకు ఆపకుండా బ్రష్‌లు మార్చడం డబ్బు పారేయడమే.

బ్రష్‌లు తీసినప్పుడే రోటర్ రెసిస్టెన్స్ చూడొచ్చు. 24 వోల్టుల రోటర్లలో రింగుకీ రింగుకీ మధ్య సాధారణంగా 6 నుంచి 12 ఓములు ఉంటుంది, రింగుకీ ఇరుసుకీ మధ్య అసలు కనెక్షనే ఉండకూడదు. చల్లగా ఉన్నప్పుడు బాగున్నా వేడికి తెగే రోటర్లుంటాయి. హీట్ గన్‌తో వెచ్చబెడుతూ మీటరు చూడాలి, చెయ్యి పెట్టలేనంత వేడి చాలు, ఇన్సులేషన్ కాలనివ్వకూడదు. తిరిగే వేగానికి మాత్రమే విడిపోయే తీగ టేబుల్ మీద దొరకదు, దానికి టెస్ట్ బెంచే దిక్కు.

డయోడ్‌ల సంగతి ఏసీ వోల్టేజీతో తెలుస్తుంది. లోడ్ మీద బి ప్లస్ దగ్గర మీటరుని ఏసీ రేంజిలో పెడితే 0.5 వోల్టు లోపే ఉండాలి. దాటితే డయోడ్ ప్లేటు అనుమానం. కొన్ని చవక మీటర్లు డీసీని ఆపలేక ఏసీ రేంజిలో అర్థం లేని పెద్ద అంకె చూపిస్తాయి. ముందు ఇంజన్ ఆపి బ్యాటరీ మీద పెట్టి చూడండి, సున్నా రాకపోతే ఆ మీటరు ఈ పనికి రాదు. ఒక డయోడ్ తెరుచుకుంటే వోల్టేజీ దాదాపు మామూలుగానే ఉంటుంది, ఇవ్వగలిగిన కరెంటే తగ్గుతుంది. పగలు బాగుండి, రాత్రి లైట్లు వేశాక బ్యాటరీ దిగిపోయే బండిలో ఇదొక కారణం. బ్యాటరీ లైటు మసకగా, రేస్ చేసేకొద్దీ మారుతూ వెలగడం కూడా డయోడ్‌ల వైపే చూపిస్తుంది. డయోడ్ షార్ట్ అయితే ఇంజన్ ఆపి గంట గడిచినా ఆల్టర్నేటర్ వెచ్చగా ఉంటుంది, రాత్రికి రాత్రి బ్యాటరీ ఖాళీ అవుతుంది.

చార్జింగ్ లోపంలా కనిపించేవి

24 వోల్టుల జతలో రెండు బ్యాటరీల్ని విడివిడిగా కొలవకుండా ఏ నిర్ణయానికీ రావద్దు. నడుస్తున్నప్పుడు జత 28 చూపిస్తూ, లోపల ఒకటి 15.2, ఇంకొకటి 12.8 ఉండొచ్చు. మొదటిది ఉడికిపోతోంది, రెండోది ఎప్పటికీ నిండదు. ఆల్టర్నేటర్‌కి మొత్తం తప్ప ఈ తేడా కనిపించదు. ఇలా జరగడానికి పెద్ద కారణం రేడియోకో, కెమెరాకో, చార్జర్‌కో జత మధ్య నుంచి 12 వోల్టులు లాగడం. ఆ తీగ ఉన్న బ్యాటరీ ఒక్కటే రోజూ ఖాళీ అవుతుంది. దీనికి పరిష్కారం 24 నుంచి 12కి మార్చే కన్వర్టర్, లేదా రెండు బ్యాటరీల చార్జిని సమానంగా ఉంచే ఈక్వలైజర్. మార్చాల్సి వస్తే రెండూ ఒకే సైజు, ఒకే వయసువి కలిపి మార్చాలి. నీళ్లు పోసే బ్యాటరీల్లో సెల్‌కీ సెల్‌కీ యాసిడ్ గ్రావిటీ (సాంద్రత) తేడా 0.050 దాటితే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే.

ఆపి ఉంచినప్పుడు కారిపోయే కరెంటు ఇంకొకటి. అన్నీ ఆపి, కంట్రోల్ యూనిట్లు నిద్రపోయేదాకా ఆగి, క్లాంప్ మీటరుతో బ్యాటరీ తీగలో చూడాలి. 50 మిల్లీ ఆంపియర్ల దాకా పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. అర ఆంపియర్ ఉంటే రోజుకి 12 ఆంపియర్ అవర్లు, కొన్ని రోజులు నిలిపితే స్టార్టింగ్ ట్రబుల్ రావచ్చు. తప్పు మాత్రం చార్జింగ్ మీద పడుతుంది.

లోడింగ్ దగ్గర గంటల తరబడి ఐడిల్‌లో నిలిపి ఏసీ, లైట్లు వేసి ఉంచే బండిలో లెక్కే కుదరదు. ఐడిల్ వేగంలో ఆల్టర్నేటర్ తన పూర్తి సామర్థ్యం ఇవ్వదు. క్లాంప్ మీటరుని బ్యాటరీ తీగ చుట్టూ పెట్టి చూడండి. ఐడిల్‌లో కరెంటు బ్యాటరీ నుంచి బయటికి పోతూ, 1200 ఆర్‌పీఎం దగ్గర లోపలికి తిరిగితే అక్కడ పాడైన భాగమేదీ లేదు. లోడ్ తగ్గించాలి, లేదా ఐడిల్‌లో ఎక్కువ ఇచ్చే ఆల్టర్నేటర్ వేయాలి.

బాగుచేశాక

బ్యాటరీల్ని బయటి చార్జర్‌తో విడివిడిగా నింపి పెట్టండి. అడుగంటిన బ్యాటరీని నింపే భారం కొత్త ఆల్టర్నేటర్ మీద వేస్తే అది గంటల తరబడి పూర్తి కరెంటు ఇస్తూ మాడుతుంది. తర్వాత లోపం ఏ పరిస్థితిలో వచ్చేదో అదే పరిస్థితిలో పరీక్షించాలి. వేడెక్కాక వచ్చేదైతే గంట నడిపాక, వానలో వచ్చేదైతే బెల్టు వైపు నీళ్లు చిలకరించి, గుంతల్లో వచ్చేదైతే గతుకుల రోడ్డు మీద. క్యాబిన్‌లోకి తెచ్చిన తీగలు అప్పటిదాకా తీయకండి. బి ప్లస్, బ్యాటరీ మీటర్లు రెండింటి కనిష్ఠ విలువ చూసి, లోడ్ మీద వాటి మధ్య తేడాని బండి రికార్డులో తేదీతో రాయండి. మళ్లీ కొలిచినప్పుడు 0.2 కాస్తా 0.4 అయితే, లైటు వెలగకముందే ఏ అతుకు విప్పాలో తెలుస్తుంది.